చల్లారని కుప్పలు

పాలగిన్నె పొయ్యి మీంచి దించి బల్ల మీద పెట్టాను. నా కూతురు నోట్లో బ్రష్షుతో అలాగే నిలబడిపోయింది.

"పట్టకారు ఏదమ్మా?" అంది నురగలోంచి.

"అదెక్కడ చచ్చిందో. పాలు ఒలకలేదుగా, నీకేంటి?"

"చెయ్యి చూపించు."

"పొద్దున్నే నా చేతి మీద పడ్డావేంటే," అంటూనే చూసుకున్నాను. కుడిచేతి వేళ్లు ఎర్రగా కందిపోయాయి. చూపుడువేలి కొసన తెల్లగా బొబ్బ లేస్తోంది. నేను చూస్తుండగానే లేస్తోంది. మంట లేదు, నొప్పి లేదు. ఎవరి చెయ్యో తెచ్చి నా మణికట్టుకు తగిలించినట్టుంది.

"నొప్పి లేదా?" అంది అది.

"కొంచెం ఉంది," అన్నాను. అబద్ధం. దానికి తెలిసిపోయిందని నాకూ తెలిసింది. చెయ్యి కొంగు కింద దాచుకుని పాలు వడకట్టడం మొదలుపెట్టాను. నా భయం వేలు కాలినందుకు కాదు. వేలు కాలితే మందు రాస్తే పోతుంది.

నేను కంపోస్టు యార్డులో పని చేస్తాను. మా స్టార్చి ఫ్యాక్టరీ మొక్కజొన్న నానబెట్టి, రుబ్బి, పిండి తీసుకున్నాక మిగిలే మడ్డి ఒకప్పుడు గొట్టంలోంచి తిన్నగా వాగులోకి పోయేది. మేం తాగేది ఆ వాగు నీళ్లే. అప్పట్లో అవి ఎలా ఉండేవో చెబితే మీకు ఇవాళ అన్నం సయించదు, కాబట్టి చెప్పను. జనం పోట్లాడి పోట్లాడి ఆ గొట్టానికి వాల్వు బిగించి మూయించారు. అప్పట్నుంచి మడ్డి మా యార్డుకు వస్తుంది. రంపపు పొట్టు కలిపి సిమెంటు గచ్చు మీద పొడవాటి కుప్పలు పోస్తాం. కుప్ప లోపల దానంతట అదే ఉడుకుతుంది. వారానికోసారి తిరగేస్తాం. అరవై రోజులకు ఉడకడం మానేసి, చల్లారి, నల్లటి ఎరువవుతుంది. అప్పుడు గచ్చు మీంచి తీసి వాగు ఒడ్డున ఖాళీ నేల మీదికి మారిస్తే తోటలవాళ్లు వచ్చి పట్టుకుపోతారు. చల్లారకముందే మారిస్తే అది ఎరువు కాదు, పచ్చి మడ్డి. వాన పడితే నల్లటి రసమంతా వాగులోకి దిగుతుంది.

కుప్ప చల్లారిందని చెప్పే మనిషిని నేనే. కుప్పలో గుంట తవ్వి, మోచేతి దాకా కుడిచెయ్యి పెట్టి చెబుతాను. దీనికి కడ్డీ థర్మామీటర్లు ఉంటాయి, లేకేం. మొదటి ఏడాది రెండు వచ్చాయి. ఒకదాన్ని మట్టి ఎత్తే బండి తొక్కేసింది. రెండోది నెలరోజులు ఒకే అంకె చూపించింది, పాపం దానికి ఆ అంకె బాగా నచ్చినట్టుంది. నా చెయ్యి మాత్రం ఎప్పుడూ తప్పలేదు. మూడోది తెప్పించినా ఆఫీసు బీరువాలో అట్టపెట్టె కూడా విప్పకుండా ఉండిపోయింది. నన్ను అందరూ థర్మామీటరక్క అంటారు. సూపర్వైజరు సారు నా మాటల్ని అంకెలు చేసి రిజిస్టరులో రాస్తాడు. నేను "కాలుతోంది" అంటే అరవై అయిదు. "వేడి" అంటే యాభై అయిదు. "గోరువెచ్చన" అంటే నలభై. "చల్లారింది" అంటే ముప్పై. రిజిస్టరు తిరగేస్తే ఎవరో పెద్ద చదువులు చదివినవాళ్లు కొలిచినట్టే ఉంటుంది.

ఈ మధ్య నాలుగు నెలలుగా మా కుప్పలు అరవై రోజులు తీసుకోవడం లేదు. నలభై రోజులకే చల్లారిపోతున్నాయి. పొట్టు మారింది కదా, అందుకే అన్నాడు సూపర్వైజరు. అవును అన్నాను. ఫ్యాక్టరీవాళ్లు సంబరపడిపోయి రోజుకు ఇంకో రెండు బండ్ల మడ్డి ఎక్కువ పంపడం మొదలుపెట్టారు. నా ఫోటో ఆఫీసు గోడకెక్కింది.

ఆ నాలుగు నెలల్లోనే నా వేళ్లకు తిమ్మిర్లు మొదలయ్యాయి. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కష్టమయింది. రెండుసార్లు గ్లాసు జారిపడింది. డాక్టరు దగ్గరికి పోదామని కూతురు అంటే, తిమ్మిరికి డాక్టరేమిటే, దులుపుకుంటే పోతుంది అని కసురుకున్నాను. ఆ ముక్క ఇప్పుడు గుర్తొచ్చి కొంగు కింద వేళ్లు ఒకదానితో ఒకటి రుద్ది చూసుకున్నాను.

"అమ్మా," అంది కూతురు బ్రష్షు కడుక్కుని వచ్చి. "పదకొండింటికి మావయ్య విచారణ. వస్తావా?"

"నేనెందుకు రావడం?"

"నీ ఇష్టం. రిపోర్టులు చదవాల్సింది నేనే. రావడం, మానడం నా ఇష్టం కాదు." సీసాల సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. అది నీళ్ల ఆఫీసులో వాగు నీళ్లు పరీక్ష చేస్తుంది. రెండు నెలలుగా దాని సీసాలన్నీ చెడ్డ కబురే చెబుతున్నాయి. నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతోంది, నురగ వస్తోంది, వాన పడిన మర్నాడల్లా చేపలు తేలుతున్నాయి. మా రిజిస్టరు చూస్తే ఏ వంకా లేదు. ఇక మిగిలింది పాత గొట్టం. ఆ గొట్టం వాల్వుకు కాపలా నా తమ్ముడు.

వాడు వాల్వు చక్రం తిప్పి మడ్డిని దొంగతనంగా వదులుతున్నాడని ఊరంతా అనుకుంటోంది. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. నా చంకలో పెరిగాడు. ఆ వాల్వు పనికి చేరినప్పట్నుంచీ వాణ్ణి అందరూ చక్రం అనే పిలుస్తారు. వాడూ ఆ పేరుకు పొంగిపోయి చక్రానికి ఏటా ఎర్రరంగు వేస్తాడు. నోటీసు వచ్చిన రోజు తిన్నగా మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, నేను ముట్టుకోలేదు. చక్రం ఊచల మధ్య సాలెగూడు కట్టింది. తిప్పితే తెగిపోదా? నువ్వొచ్చి చూడు."

"సాలెపురుగును సాక్షికి తెచ్చావా? వాగు చచ్చిపోతోందిరా. ఎవరి మాట విని తిప్పావో చెప్పు."

"నీ మీదొట్టు, తిప్పలేదక్కా."

నా మీద ఒట్టు అనేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. లాగి చెంప మీద ఒకటిచ్చాను. గది దద్దరిల్లింది. వాడు చెంప పట్టుకుని నావైపు చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఇరవై రోజులైంది, మళ్లీ గడప తొక్కలేదు.

పాలగిన్నె ముందు నిలబడి ఉండగా నాకు తట్టింది. అంత దెబ్బ కొడితే నా చెయ్యి చురుక్కుమనాలి. అనలేదు. కోపంలో తెలియలేదని అప్పుడు అనుకున్నాను.

పాలు అలాగే వదిలేసి యార్డుకు పరుగెత్తాను.

ఏడు కొట్టింది. ఇంకా ఎవరూ రాలేదు. ముందురోజు సాయంత్రం వాన పడి గచ్చంతా చిత్తడిగా ఉంది. ఏడో కుప్పను నేను మొన్ననే చల్లారిందని చెప్పాను. ఇవాళ మధ్యాహ్నం ఒడ్డుకు మారుస్తారు. పారతో పక్కనుంచి గుంట తవ్వాను. పార రెండుసార్లు జారింది. ఎప్పటిలాగే మోచేతి దాకా కుడిచెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది. అమ్మయ్య అనుకున్నాను. అనుకుంటూనే తెలుసు, అది అమ్మయ్య కాదని.

ఎడమచెయ్యి ఎప్పుడూ పెట్టలేదు. ఎడమచెయ్యి పార పట్టుకోవడానికి. నాకు నేర్పిన ముసలాయన కూడా కుడిచెయ్యే పెట్టేవాడు, ఎందుకని అడగలేదు. పార గచ్చు మీద పడేసి, ఎడమ చేతి గ్లవుజు పళ్లతో లాగి, అదే గుంటలో ఎడమచెయ్యి పెట్టాను.

కెవ్వుమని బయటికి లాగేశాను. వేళ్లు నోట్లో పెట్టుకున్నాను. పైన ముంజేతి దగ్గర కుప్ప చల్లగానే ఉంది, లోపల వేళ్ల కొసల దగ్గర మాత్రం కుతకుతా ఉడుకుతోంది. కొత్త కుప్ప వేడి మోచేతికి కూడా తగులుతుంది. ముదిరిన కుప్ప వేడి అట్టడుగునే ఉంటుంది, వేళ్లే చెప్పాలి. నా వేళ్లు నాలుగు నెలలుగా ఏమీ చెప్పలేదు. నేనే వాటి తరఫున చెబుతూ వచ్చాను.

వాగు ఒడ్డుకు వెళ్లాను. అక్కడ నేను చల్లారాయన్న కుప్పలు అయిదు వరసగా ఉన్నాయి. అన్నింటి నెత్తిమీదా సన్నగా ఆవిరి లేస్తోంది. రోజూ చూసేదే, వాగు మీది మంచు అనుకునేవాళ్లం. వాసనంటారా, మా యార్డులో పనిచేసేవాళ్ల ముక్కులు ఎప్పుడో రాజీనామా చేశాయి. కుప్పల కిందినుంచి నల్లటి నీళ్లు వేలెడు వెడల్పున పారి, గడ్డిలో దారి చేసుకుని, వాగులో కలుస్తున్నాయి. ఆ దారి కొత్తది కాదు. అరిగి నునుపెక్కి ఉంది. నేను అక్కడే చతికిలబడ్డాను. వాణ్ణి కొట్టిన చెయ్యి ఒడిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు, అంత భయమేసింది.

ఎనిమిదిన్నరకు సూపర్వైజరు వచ్చాడు. మంచి మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. చెప్పాను. మొదట నవ్వాడు. తర్వాత బీరువాలోంచి థర్మామీటరు తీసి, పెట్టె చించి, ఏడో కుప్పలో గుచ్చాడు. ముల్లు అరవై ఒకటి దగ్గర ఆగింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. ఒడ్డునున్న కుప్పల్ని చప్పుడు లేకుండా వెనక్కి తెచ్చేద్దాం. రెండు వారాల్లో వాగు అదే తేరుకుంటుంది."

"పదకొండింటికి నా తమ్ముడి విచారణ సార్."

ఆయన కడ్డీ బయటికి లాగాడు. "మీవాడికి ఇంకో పని నేను చూసిపెడతాను, సరేనా? ఆలోచించక్కా. ఆ అంకెలన్నీ నేను రాశాను. యార్డు నమ్మకం పోతే మూసేస్తారు. మూస్తే మడ్డి ఎక్కడికి పోతుంది? ఆ గొట్టమే తెరుస్తారు. వాగు కోసమే చెబుతున్నాను."

ఆ మాటలో అబద్ధం లేదు, అదే నన్ను పట్టుకుంది. పదకొండు కొట్టేదాకా కుప్పల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చెబితే యార్డు పోతుందేమో. యార్డు పోతే వాగు పోతుందేమో. చెప్పకపోతే వాడొక్కడే పోతాడు. ఒక్కడే కదా అని నా మనసు ఒక క్షణం అంది. అన్నట్టు ఒప్పుకోవడానికి ఇప్పుడు కూడా నాకు సిగ్గుగా ఉంది. విచారణ జరిగే నీళ్ల ఆఫీసు వైపు నడిచాను. దారిలో పాత గొట్టం వస్తుంది. ఎర్రరంగు చక్రం ఊచల మధ్య సాలెగూడు చెక్కుచెదరకుండా ఉంది. వాన చినుకులు దాని మీద ఇంకా నిలిచి ఉన్నాయి. రోజూ పనికి వెళ్లే దారికి నాలుగడుగుల పక్కన ఉన్నదాన్ని ఇరవై రోజుల్లో ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

విచారణ గదిలో బల్లకు అటువైపు నీళ్ల కమిటీవాళ్లు ముగ్గురు, పక్కన ఫ్యాక్టరీ పెద్దాయన, సూపర్వైజరు. ఇటువైపు ఒంటరి కుర్చీలో నా తమ్ముడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కాలరు ఒకవైపు మడతపడింది. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నా కూతురు నిలబడి రిపోర్టు చదువుతోంది.

"వాడు తిప్పలేదు," అన్నాను గుమ్మంలోనే నిలబడి. "తప్పు నాది. నా చెయ్యి చచ్చుబడింది. ఇంకా ఉడుకుతున్న కుప్పల్ని చల్లారాయని చెప్పాను. వాగులోకి పోతోంది ఒడ్డునున్న ఆ కుప్పల రసం."

కమిటీ పెద్దావిడ కళ్లద్దాలు తీసి నావైపు జాలిగా చూసింది.

"కూర్చోమ్మా. తమ్ముడి మీద ప్రేమ మాకు అర్థమవుతుంది."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. ఫ్యాక్టరీ పెద్దాయన రిజిస్టరు నావైపు తిప్పాడు. "నాలుగేళ్ల లెక్కలు ఇక్కడున్నాయి. మీ చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. ఇవాళ విచారణ రోజే తప్పిందా?"

ఇన్నాళ్లూ నా చెయ్యి తప్పదని చాటింపు వేసుకున్నదాన్ని నేనే. ఇప్పుడు తప్పిందంటే నమ్మే దిక్కు లేదు. సూపర్వైజరు వైపు చూశాను. ఆయన తల వంచుకుని గోళ్లు చూసుకుంటున్నాడు. నా తమ్ముడు కూడా నమ్మలేదు. "అక్కా, నాకోసం ఇవన్నీ ఎందుకు?" అన్నాడు నెమ్మదిగా. వాడి గొంతులో జాలి విని నా ప్రాణం చచ్చిపోయింది.

"రండి," అన్నాను. "కుప్ప దగ్గరికి రండి. అయిదు నిమిషాల నడక. ఇదొక్కటే అడుగుతున్నాను."

వచ్చారు. ఒడ్డున మొదటి కుప్పలో గుంట తవ్వాను. సూపర్వైజరు ఆఫీసులోకి వెళ్లాడు. తిరిగి రాడనుకున్నాను. వచ్చాడు, చేతిలో థర్మామీటరు. తనే గుచ్చాడు. అరవై. ఎవరివైపూ చూడకుండా "అరవై" అని గట్టిగా చదివాడు. ఆ ఒక్కమాటతో ఆయన మీద కోపం సగం పోయింది.

"ఈ కడ్డీలు ఎప్పుడూ తప్పే కదా చూపిస్తాయి," అన్నాడు ఫ్యాక్టరీ పెద్దాయన. "మీరే అనేవారు."

"అయితే మీ చెయ్యి పెట్టండి."

గుంట నోరు పెద్దది చేశాను. పెద్దాయన గడియారం విప్పి, చొక్కా మడిచి, చెయ్యి పెట్టాడు. పెట్టీ పెట్టగానే తీసేశాడు. చెయ్యి విదిలిస్తూ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇప్పుడు నాది," అన్నాను. మణికట్టు దాకా కుడిచెయ్యి లోపలికి దించాను. "నన్నడిగితే ఇది చల్లారింది. నాలుగు నెలలుగా ఇలాగే చెబుతున్నాను. ముప్పై అని రాసుకోండి."

తియ్యలేదు. కమిటీ పెద్దావిడ "సరేనమ్మా, తియ్యి" అంది. నా కూతురు "అమ్మా" అంది. నాకు తియ్యాలనిపించలేదు. వాళ్ల మొహాల్లో ఇంకా ఎక్కడైనా అనుమానం మిగిలిందేమో అని ఒక్కొక్కరినే చూస్తున్నాను. ఎవరో నా భుజం పట్టుకుని వెనక్కి లాగారు. ఇద్దరం కలిసి తడినేల మీద పడ్డాం.

నా తమ్ముడు. వాడి ఇస్త్రీ చొక్కా అంతా బురద.

"పిచ్చా నీకు?" అన్నాడు. "పిచ్చా?"

చెయ్యి కమిలిపోయింది. కూతురు సంచిలోంచి సీసాలు తీసి ఒకదాని తర్వాత ఒకటి నా చేతి మీద పోస్తోంది. ఆ పూట వాగు నుంచి పట్టుకొచ్చిన నీళ్లు, పరీక్షకు ఉంచినవి. అవి పడుతున్న సంగతి కళ్లతో చూస్తున్నాను గానీ చేతికి తెలియడం లేదు.

వెనక కమిటీవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఒడ్డు మీది కుప్పలు ఇవాళే గచ్చెక్కాలి, చోటు చాలేదాకా ఫ్యాక్టరీ నడవకూడదు అంటోంది పెద్దావిడ. ఎన్నాళ్లు అంటున్నాడు పెద్దాయన. ఎన్నాళ్లయితే అన్నాళ్లు అంటోంది. గొట్టం మాట వస్తుందేమోనని నా చెవులన్నీ అటే ఉన్నాయి. ఇంతవరకూ రాలేదు. రేపు వస్తుందేమో తెలియదు.

నా తమ్ముడు నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నాడు. చిన్నప్పుడు వాడు పడి మోకాలు గీరుకుంటే నేను అలాగే ఊదేదాన్ని.

"నొప్పిగా లేదా అక్కా?"

"లేదురా."

"నిజంగా?"

"నిజంగా. ఏమీ తెలియడం లేదు."

వాడు కాసేపు ఊదడం ఆపాడు. "మరి ఆ రోజు నన్ను కొట్టినప్పుడు?"

"అప్పుడూ తెలియలేదు."

"నాకు తెలిసింది," అన్నాడు. కోపంగా అనలేదు. మామూలుగా అన్నాడు.

గ్లవుజు లేని ఎడమచెయ్యి చాచి, ఆ రోజు కొట్టిన చెంప మీద పెట్టాను. గడ్డం గరుగ్గా ఉంది. చెంప తడిగా, వెచ్చగా ఉంది. చెయ్యి తియ్యకుండా అలాగే ఉంచాను, వాడూ తల తిప్పుకోలేదు.